లెక్కల తగ్గింది, మన రోడ్డు మీద తగ్గలె

దేశంల సరుకు రవాణా ఖర్చు బాగ దిగొచ్చిందని కేంద్రం చెప్తున్నది. 2025 సెప్టెంబర్‌ల కేంద్ర వాణిజ్య శాఖ ఒక రిపోర్టు బయటవెట్టింది. 2023-24ల రవాణా, గోదాములు, ఎత్తుడు దించుడు అన్ని కలిపి అయిన ఖర్చు జీడీపీల 7.97 శాతం అని అండ్ల రాసిన్రు. 2022ల పాలసీ తెచ్చినప్పుడు ఇదే ఖర్చు 13, 14 శాతం ఉన్నదన్నరు. అంటె వినేటోళ్లకు మూడేండ్లల దగ్గర దగ్గర సగం తగ్గినట్టు అనిపిస్తది.

అంత తగ్గుడు నిజమే అయితె ఎక్కడో ఒక్కకాడ కనవడాలె. నాచారంల చిన్న షెడ్డు నడిపేటాయనకు కిరాయి తగ్గాలె. లేకపోతె డీసీఎం డ్రైవర్‌కు నాలుగు పైసలు ఎక్కువ మిగలాలె. అదీ కాకపోతె ఉప్పల్ రోడ్డు మీద మనకు జర ఊపిరి ఆడాలె. నేను అంబర్‌పేట్‌ల ఉంట. పని మీద రామంతాపూర్, ఉప్పల్, నాచారం, మల్లాపూర్ దిక్కు రోజూ తిరుగుత. ఈ మూడిట్ల ఒక్కటి గూడ నాకు కనవడలె. మరి తగ్గింది ఏంది, తగ్గనిది ఏంది, ఆ బరువు ఎవరి నెత్తి మీద ఉన్నదో నిమ్మలంగ చూద్దాం.

లెక్క ఎట్ల మారింది

2021 అక్టోబర్ 13న ప్రధాని మోదీ పీఎం గతి శక్తి మాస్టర్ ప్లాన్ ప్రకటించిన్రు. రోడ్డు, రైలు, పోర్టు, పైపులైన్, కరెంటు, అన్ని శాఖల పనులు ఒక్క మ్యాపు మీద పెట్టి, ఒకరు ఏసిన రోడ్డును ఇంకొకరు తవ్వకుంట చూసుడు దాని మతలబు. యేడాది తిరగకముందే, 2022 సెప్టెంబర్ 17న నేషనల్ లాజిస్టిక్స్ పాలసీ వచ్చింది. సరుకు రవాణా ఖర్చును 13, 14 శాతం కాడికెల్లి ఒక్క అంకెలకు, అంటె పది శాతం లోపుకు తెచ్చుడే లక్ష్యం అన్నరు.

ఆ 13, 14 అనేది ఏండ్ల సంది అందరు చెప్పుకుంట వచ్చిన అంచనా. దాని ఎనుక గట్టి లెక్క లేకుండె. తర్వాత ఎన్‌సీఏఈఆర్ అనే పరిశోధన సంస్థ కూసోని పద్ధతి ప్రకారం లెక్క తీసింది. 2021-22ల ఆ ఖర్చు జీడీపీల 7.8 నుంచి 8.9 శాతం మధ్యల ఉన్నదని 2023 డిసెంబర్‌ల తేల్చింది. జర ఆగి చూడున్రి. పాలసీ వచ్చింది 2022 సెప్టెంబర్‌ల. 2021-22 లెక్క దానికంటె ముందటి యేడాదిది. ఒక్క అంకెలకు తెస్తమన్న ఖర్చు, తెస్తమని చెప్పకముందే ఒక్క అంకెల ఉన్నదన్నట్టు. పరీక్ష రాయకముందే పాసైన పిల్లగాని కథ ఇది.

నేను దీన్ని మోసం అంటలె. ఉత్త అంచనా ఇడిసిపెట్టి సక్కగ లెక్క తీసుడు మంచి పనే. గని 14కెల్లి 8కి వచ్చిందని చెప్పుకునుడు తప్పు. మారింది లెక్క కట్టే తీరు. ఖర్చు అంత తగ్గిందని ఆ లెక్క చెప్తలేదు.

అదే రిపోర్టుల ఇంకో ముచ్చట ఉన్నది. దాని మీద పెద్ద చర్చ జరగాలె, జరగలె. యేడాదికి 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న చిన్న కంపెనీకి సరుకు రవాణా ఖర్చు దాని ఉత్పత్తి విలువల 16.9 శాతం పడుతున్నది. 250 కోట్ల పైన ఉన్న పెద్ద కంపెనీకి పడేది 7.6 శాతమే. చిన్నోనికి పెద్దోని కంటె రెండింతలు దాటింది. దేశం సగటు 8 శాతం అని సంబరపడితె, నాచారం షెడ్డుల 17 శాతం కట్టేటోడు ఆ సగటు కింద కనవడకుంట పోతడు. పాలసీ దృష్టి పెట్టాల్సింది ఈ తేడా మీద.

పట్టాలు పక్కనే, సరుకు మాత్రం డీసీఎంల

మన తూర్పు దిక్కు నక్ష ఒకసారి మనసుల పెట్టుకోన్రి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి, అన్ని పారిశ్రామిక వాడలే. వీటి ఒడ్డుకే సికింద్రాబాద్–కాజీపేట రైలు లైను. మౌలాలిల పెద్ద యార్డు. చర్లపల్లిల 2025 జనవరి 6న కొత్త టెర్మినల్ ప్రారంభం చేసిన్రు. మౌలాలి–సనత్‌నగర్ రెండో లైను 2024 మార్చిల మొదలైంది. చర్లపల్లి, ఘట్‌కేసర్ దిక్కు ఆయిల్ డిపోలు ఉన్నయ్. దేశం మొత్తంల ఇంత పక్కపక్కన ఫ్యాక్టరీలు, పట్టాలు ఉన్న జాగలు గన్నిన్నే ఉంటయ్.

అయినా నాచారం షెడ్డుల తయారైన పెట్టె రైలెక్కదు. డీసీఎం ఎక్కుతది. ఎందుకు?

రైలు చవుక అని ప్రభుత్వమే చెప్తున్నది. టన్ను సరుకు కిలోమీటరు తీస్కపోనీకె రోడ్డు మీద సగటున 3 రూపాయల 78 పైసలు, రైలుల 1 రూపాయి 96 పైసలు. హైదరాబాద్ నుంచి ముంబైకి మోటుగ 700 కిలోమీటర్లు అనుకుందాం. పది టన్నులకు రోడ్డు మీద 26 వేల చిల్లర, రైలుల 14 వేల లోపు. సగం మిగిలినట్టే గదా?

మిగలదు. రైల్వే పది టన్నుల కోసం బండి కట్టదు. దాని వ్యాపారం రేకుల మీద నడుస్తది. ఒక రేకు అంటె 40 పైన వ్యాగన్లు, రెండున్నర వేల టన్నుల దాక. ఐదు టన్నుల డీసీఎంలు 500 నిండాలె ఒక్క రేకుకు. సింగరేణి బొగ్గుకు అది సరిపోతది, సిమెంటు ఫ్యాక్టరీకి సరిపోతది, బియ్యం తోలే ఎఫ్‌సీఐకి సరిపోతది. 2024-25ల రైళ్లు మోసిన 161 కోట్ల టన్నుల సరుకుల సగం బొగ్గే. నట్లు, బోల్టులు, ప్లాస్టిక్ డబ్బాలు, మందుల కార్టన్లు చేసేటోని కోసం రైల్వే కాడ జాగ లేదు. కంటైనర్‌ల పంపాల్నంటె ఊరు అడ్డంగ దాటి సనత్‌నగర్ డిపోకు పోవాలె. పగలు పెద్ద బండ్లను సిటీలకు రానియ్యరు. రాత్రి దాక ఆగాలె, రెండు సార్లు ఎత్తాలె, రెండు సార్లు దించాలె. మిగిలిన పైసలు అండ్లనే పోతయ్. అందుకే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోను కొట్టి డీసీఎం తెప్పిచ్చుకునుడే నయం అనుకుంటడు.

స్వతంత్రం వచ్చిన కొత్తల దేశంల సరుకుల ఎనభై శాతానికి పైన రైలు మీదనే పోతుండె. ఇయ్యాల పావు వంతుకు దిగింది. 2030కల్ల దాన్ని 45 శాతం చేస్తమని నేషనల్ రైల్ ప్లాన్‌ల రాస్కున్నరు. దానికోసం సరుకు బండ్లకే ప్రత్యేకంగ రెండు పెద్ద లైన్లు ఏసిన్రు. ఒకటి లుధియానా నుంచి బీహార్‌ల సోన్‌నగర్ దాక 1,337 కిలోమీటర్లు, ఇంకోటి ముంబై కాడి జేఎన్‌పీటీ నుంచి దాద్రి దాక 1,506 కిలోమీటర్లు. రెండు మంచియే. రెండిట్ల ఏదీ తెలంగాణను ముట్టదు. మన దిక్కు వచ్చేటియి ఇంకా కాగితం మీదనే ఉన్నయ్.

2021 డిసెంబర్‌ల గతి శక్తి కార్గో టెర్మినల్ పాలసీ గూడ వచ్చింది. ప్రైవేటోళ్లు పెట్టుబడి పెట్టి టెర్మినల్ కట్టుకోవచ్చు. పెద్ద కంపెనీ కట్టుకుంటది. నాచారంల పది మందితోని షెడ్డు నడిపేటోడు కట్టుకుంటడా? ఆయనకు కావల్సింది వేరే. వారానికి రెండు రోజులు, చర్లపల్లి కాడనో మౌలాలి కాడనో, ఐదు టన్నులు గూడ తీసుకునే బండి కావాలె. అటువంటిది ప్రభుత్వం నడిపితెనే నడుస్తది. లాభం వచ్చే రేకుల కోసం ప్రైవేటోడు వస్తడు గని, నాలుగు పెట్టెల కోసం రాడు.

ఒక్క మ్యాపు మీద ఉన్నా రోడ్డు కాలె

గతి శక్తి గొప్పతనం మొత్తం శాఖల మధ్య తాలమేలు అంటరు. ఆ తాలమేలు మా కాడ ఎట్ల నడిచిందో చెప్త.

2018 మే 5న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ వచ్చి అంబర్‌పేట్ ఫ్లైఓవర్‌కు, ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేసిన్రు. రెండూ వరంగల్ హైవే మీదనే. గోల్నాక నుంచి అంబర్‌పేట్ దాక కిలోమీటరున్నర మందం ఉండే ఫ్లైఓవర్ మీద జనం పోనీకె 2025 ఫిబ్రవరి దాక పట్టింది. 2025 మే 5న, సరిగ్గ ఏడేండ్లకు, అదే మంత్రి వచ్చి రిబ్బన్ కట్ చేసిన్రు. భూసేకరణ కాడ ఆగింది, నష్టపరిహారం కాడ ఆగింది. కేంద్రం రాష్ట్రం మీద వేలు వెట్టింది, రాష్ట్రం కేంద్రం మీద వేలు వెట్టింది.

ఉప్పల్–నారపల్లి ముచ్చట ఇంకా అన్యాయం. ఆరు కిలోమీటర్ల పైచిలుకు పని. పిల్లర్లు లేపిన్రు, ఇడిసిపెట్టిన్రు. 2023ల ఆ పిల్లర్ల మీదనే పోస్టర్లు ఏసి, ఈ ఫ్లైఓవర్ ఇంకెన్నేండ్లు కడ్తరని అడిగిన్రు. కాంట్రాక్టు మార్చిన్రు, మల్ల టెండర్ పిలిచిన్రు. ఈ ఏండ్లన్ని కింద గుంతల రోడ్డు మీద లారీ, బస్సు, ఆటో, స్కూలు వ్యాను, గర్భిణి, ముసలోళ్లు, అందరు అదే దుమ్ముల పోయిన్రు. వానకాలం ఉప్పల్ నుంచి మేడిపల్లి దాక బండి నడిపిన ఎవలన్న చెప్తరు ఆ నరకం ఎట్లుంటదో.

ఈ రోడ్డు చిన్న గల్లీ కాదు. జాతీయ రహదారి 163. వరంగల్, భూపాలపట్నం దిక్కు పోయే సరుకు దీని మీదకెల్లే పోతది. గంటకు ఇన్ని బండ్లు ఆగితె ఎంత డీజిల్ కాలుతదో, ఎన్ని టైర్లు పగులుతయో ఆ 7.97 శాతంల కలిపిన్రో లేదో గని, డ్రైవర్ జేబుల మాత్రం అది పక్కా కలిసింది. ఢిల్లీల కంప్యూటర్ తెర మీద రోడ్డు, పైపు, కరెంటు తీగ అన్ని కనవడొచ్చు. గని భూమి పోయేటోనికి పైసలు ఎప్పుడిస్తరు, కాంట్రాక్టర్ చేతులెత్తేస్తె ఎన్ని రోజుల్ల ఇంకొకన్ని తెస్తరు అనేటియి ఆ మ్యాపుల ఉండవు. మా పని ఆగింది ఆడనే.

ఇంకో లెక్క గూడ యాది పెట్టుకోవాలె. 2018 జూలైల కేంద్రం లారీల బరువు హద్దు పెంచింది. మూడు ఇరుసుల లారీ 25 టన్నుల కాడికెల్లి 28.5 టన్నులకు పోయింది. టన్నుకు అయ్యే ఖర్చు తగ్గుతదన్నరు. తగ్గింది గూడ. గని రోడ్డు ఇంజినీర్లకు ఒక మోటు లెక్క ఉన్నది. ఇరుసు మీద బరువు పది శాతం పెరిగితె రోడ్డుకు అయ్యే నష్టం పది శాతం కాదు, దగ్గర దగ్గర 46 శాతం పెరుగుతది. సరుకు పంపేటోనికి మిగిలిన పైసలు రోడ్డు రిపేరు కింద మన పన్నులకెల్లి పోతయ్. ఖర్చు తగ్గలె, చేతులు మారింది.

చవుకదనం ఎవరి నిద్రల కెల్లి వస్తున్నది

ఇగ అసలు ముచ్చటకు వస్త. మన దేశంల రోడ్డు రవాణా చవుకగ ఎందుకున్నదంటె, అండ్ల మనిషి చవుక.

నాచారం, మల్లాపూర్ గల్లీలల పొద్దున తొమ్మిదింటికి పోతె డీసీఎంలు, ట్రాలీలు వరుస కట్టి ఉంటయ్. లోడు ఎప్పుడైతదో తెల్వదు. కొందరు డ్రైవర్లు పొద్దున వచ్చి రాత్రి దాక కూసుంటరు. ఆగినందుకు హాల్టింగ్ చార్జి అడిగితె, రేపటికెల్లి ఇంకో బండి పిలుస్తమంటరు. పగలంత ఎండల కూసున్న మనిషి రాత్రి స్టీరింగ్ పట్టుకుంటడు. పొద్దున్నే పోయి చేరకపోతె కిరాయిల కోత. దగ్గర్ల మరుగుదొడ్డి ఉండదు, స్నానానికి నీళ్లు ఉండవు. బండి రోడ్డు పక్కన పెడితె చలాన్. పెట్టనీకె వేరే జాగ ఉన్నదా అంటె లేదు.

చట్టం లేదా అంటె ఉన్నది. 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యాక్టుల డ్రైవర్‌కు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసి పెట్టిన్రు. అరవై ఏండ్లు దాటింది. గని ఆ చట్టం ఐదుగురు, అంతకంటె ఎక్కువ పనోళ్లు ఉన్న సంస్థకే వర్తిస్తది. మన దేశంల లారీల పెద్ద వంతు ఒకటి రెండు బండ్లు ఉన్న చిన్న ఓనర్లయే. ఒక డ్రైవర్, ఒక క్లీనర్. శానా బండ్లల ఓనరే డ్రైవర్. వాళ్లందరు చట్టం బయటనే ఉన్నరు.

2025 నవంబర్ 21 సంది కొత్త లేబర్ కోడ్‌లు అమల్లకు వచ్చినయ్. పాత 1961 చట్టం అండ్ల కలిసిపోయింది. హద్దు తగ్గించి అందరిని లోపటికి తెస్తరని ఆశపడ్డం. ఐదును పది చేసిన్రు. పది మంది కంటె తక్కువ ఉన్న ట్రాన్స్‌పోర్ట్ సంస్థ ఇప్పుడు పని గంటలు, భద్రత చెప్పే ఆ కోడ్ బయట ఉంటది. సంస్కరణ పేరు మీద నీడ ఇంకింత చిన్నగైంది. లాజిస్టిక్స్ పాలసీ మీద జరిగే పెద్ద పెద్ద మీటింగులల ఈ ముచ్చట ఎవరన్న తీస్తున్నరా?

మంచి జరగలేదా అంటె కొంత జరిగింది. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసిన్రు. సెప్టెంబర్‌ల లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిచ్చిన్రు. మన రాష్ట్రంల 2025 అక్టోబర్‌ల రవాణా చెక్‌పోస్టులు ఎత్తేసిన్రు. మామూళ్ల బాధ కొంత తప్పింది. ఇయ్యన్ని మంచియే. అయితె ఇవి చానా వరకు బండికి అయిన మేలు. పాత డీసీఎం నడిపేటోడు కొత్త లారీ కొనడు, ఆయన ఏసీ క్యాబిన్ చూడడు. డీజిల్ ఇప్పటికి జీఎస్టీల లేదు. కేంద్రం ఎక్సైజ్ ఒక దిక్కు, మన రాష్ట్రం 27 శాతం వ్యాట్ ఇంకో దిక్కు. కిరాయిల పెద్ద భాగం డీజిల్‌కే పోతది. అక్కడ తగ్గియ్యనీకె కేంద్రం గాని రాష్ట్రం గాని ముంగటికి వస్తలేదు.

డ్రైవర్‌ను సతాయిస్తె ఏమైతదో 2024 జనవరిల మనమే చూసినం. కొత్త న్యాయ సంహితల 106వ సెక్షన్ రెండో భాగం ప్రకారం యాక్సిడెంట్ చేసి మనిషి సచ్చిపోతె, పోలీసులకు గాని మెజిస్ట్రేట్‌కు గాని చెప్పకుంట పారిపోయినోనికి పదేండ్ల దాక జైలు. పాత చట్టంల రెండేండ్లే ఉండె. జనం కొట్టి సంపుతరని భయపడి పోయేటోడు గూడ ఇండ్లకే వస్తడు గదా అని డ్రైవర్లు అడిగిన్రు. ట్యాంకర్లు ఆపిన్రు. జనవరి 2న హైదరాబాద్‌ల పెట్రోల్ బంకుల కాడ కిలోమీటర్ల లైన్లు. చంచల్‌గూడల జొమాటో పిల్లగాడు గుర్రం మీద కూసోని పార్శిల్ ఇయ్యవోయిండు. దేశమంత ఆ వీడియో చూసి నవ్వుకున్నది. అదే రాత్రి కేంద్రం దిగొచ్చి, మాట్లాడకుంట ఆ సెక్షన్ తేమని చెప్పింది. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చినా ఆ ఒక్క ముక్క మాత్రం పక్కకు పెట్టిన్రు.

నా మాట అపార్థం చేసుకోవద్దు. గుద్ది పారిపోయినోనికి శిక్ష ఉండాలె. ఈ రోడ్ల మీద మన పిల్లలే నడుస్తరు. గని 16 గంటలు మెలకువ ఉంచి బండి నడిపిచ్చినోని మీద, లోడు లేటు చేసి పొద్దుగాల్ల చేరాలె అన్నోని మీద ఏ సెక్షన్ ఉన్నది? శిక్ష స్టీరింగ్ కాడనే ఆగిపోతున్నది.

హమాలీల గురించి పాలసీలల ఒక్క వరుస గూడ సక్కగ దొరకదు. తొమ్మిది టన్నుల సిమెంటు లోడు అంటె 50 కిలోల సంచులు 180. ఇద్దరు దించితె మనిషికి 90. మోకాళ్లు, నడుము నలభై ఏండ్లకే పోతయ్. మహారాష్ట్రల 1969లనే మాథాడి హమాలీల చట్టం తెచ్చిన్రు. హమాలీలు, సరుకు ఓనర్లు ఇద్దరు బోర్డుల రిజిస్టర్ కావాలె. కూలి బోర్డు చేతికెల్లి వస్తది. పీఎఫ్, దవాఖాన ఖర్చు కోసం ఓనర్ కాడ లెవీ తీసుకుంటరు. అండ్ల గూడ లోపాలు ఉన్నయ్, గని అసలు చట్టం అంటూ ఉన్నది. యాభై ఏండ్ల ఎనుకటి ఆ ఆలోచన మన తెలంగాణల ఇంకా డిమాండు తానే ఉన్నది.

జాగలు పోతున్నయ్, సరుకు యాడికి పోవాలె

2025 నవంబర్‌ల రాష్ట్ర ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. హైదరాబాద్ పారిశ్రామిక భూములను వేరే వాడకానికి మార్చే పాలసీ. 22 ఎస్టేట్లల 9,292 ఎకరాలు దాని కిందికి వస్తయ్. అండ్ల మన ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి ఉన్నయ్. రిజిస్ట్రేషన్ రేటుల 30 శాతమో, పెద్ద రోడ్డు పక్కన అయితె 50 శాతమో కడితె ఫ్యాక్టరీ జాగల అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు కట్టుకోవచ్చు. దీని మీద రాజకీయ పార్టీలు భూముల రేట్ల కాడ కొట్లాడుతున్నయ్. ఆ కొట్లాట అవసరమే. నేను సరుకు దిక్కుకెల్లి చూస్త.

కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు ఇండ్ల మధ్యల ఉండొద్దు, అది సరే. నాచారం గాలి పీల్చినోనికి ఎవరు చెప్పాల్సిన పని లేదు. గని ఫ్యాక్టరీ ఔటర్ రింగ్ రోడ్డు దాటి పోతె లారీలు తగ్గుతయ్ అనుకుంటె పొరపాటు. ఆ జాగల లేచే అపార్ట్‌మెంటుకు ఇసుక, సిమెంటు, స్టీలు రావాలె. మనుషులు దిగినంక గ్యాసు సిలిండర్లు, కూరగాయలు, నీళ్ల ట్యాంకర్లు, ఆన్‌లైన్ పార్శిళ్లు రావాలె. ముందు రెండు కిలోమీటర్లు తిరిగిన ట్రాలీ ఇప్పుడు నలభై కిలోమీటర్లు తిరుగుతది. అంబర్‌పేట్, రామంతాపూర్ నుంచి నడుచుకుంటనో, ఒక్క బస్సుల కూసోనో పనికి పోయే మనిషికి పని దూరమైతది. ఔటర్ మీద టోల్ గూడ తక్కువ కాదు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డును 2023ల 7,380 కోట్లకు 30 ఏండ్లు లీజుకు ఇచ్చిన్రు. ఆ పైసలు తిరిగి వచ్చేది ఎక్కువ బండ్ల మీదకెల్లే.

సరుకు కోసం పెట్టిన జాగ ఏమైతదో బాటసింగారం చూస్తె తెలుస్తది. విజయవాడ హైవే మీద లారీలు ఆగనీకె, గోదాముల కోసం హెచ్‌ఎండీఏ అక్కడ లాజిస్టిక్స్ పార్కు కట్టిచ్చింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ జాగల దవాఖాన కట్టాలనుకున్నప్పుడు, మార్కెట్‌ను తీస్కపోయి ఆ పార్కుల పెట్టిన్రు. దవాఖాన కావాల్సిందే, మార్కెట్‌కు జాగ కావాల్సిందే. రెండిటికి దొరికిన జాగ లారీలకు అనుకున్నదే. సరుకు జాగ అంటె ఖాళీ జాగ అనుకుంటరు మన దొరలు. ఏదన్న కొత్త పని వడితె ముందుగాల్ల కన్ను దాని మీదనే వడ్తది.

ఏం చెయ్యాలె

ఉత్తగ తిట్టుడు కాదు, అడిగేది గూడ సూటిగ అడగాలె.

ఒకటి, చర్లపల్లి–మౌలాలి దిక్కు చిన్న సరుకు కోసం రైలు టెర్మినల్. రేకు నిండాలె అనకుంట ఐదు టన్నులు, పది టన్నులు తీసుకోవాలె. పోయేటి రోజు, చేరేటి రోజు ముందే చెప్పాలె. నాచారం, ఉప్పల్, కుషాయిగూడ చిన్న ఫ్యాక్టరీలోళ్లు కలిసి అడిగితె రైల్వే చెవిన పడుతది.

రెండు, పని గంటల చట్టానికి మంది లెక్క పెట్టొద్దు. ఒక్క బండి ఉన్నా, పది బండ్లు ఉన్నా డ్రైవర్ నిద్ర ఒక్కటే. సొంత బండి నడుపుకునేటోనికి గూడ అదే హద్దు ఉండాలె. సరుకు పంపేటోడు గూడ జవాబు చెప్పాలె. రెండు గంటలు దాటి లోడు ఆపితె హాల్టింగ్ చార్జి బిల్లులనే కట్టేటట్టు రూలు తేవాలె. ఈ-వే బిల్లు 2018 సంది కంప్యూటర్‌ల ఉన్నది. బండి గేటు కాడికి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు కదిలింది అనేటియి అండ్ల ఇంకో రెండు గడులు పెడితె సరిపోతది.

మూడు, హిల్ట్ కింద మారే ప్రతి ఎస్టేట్‌ల సరుకు కోసం కొంత జాగ రాసిపెట్టాలె. బండ్లు ఆగే జాగ, మరుగుదొడ్డి, నీళ్లు, పండుకునే షెడ్డు ఉండాలె. ఆ జాగను వేరే పనికి మార్చే అధికారం ఎవరికి ఉండొద్దు. సిటీ లాజిస్టిక్స్ ప్లాన్లు చెయ్యాలని కేంద్రమే రాష్ట్రాలకు చెప్తున్నది. ఆ ప్లాన్ రాసే కమిటీల బిల్డర్లు, కన్సల్టెంట్ల సరసన డ్రైవర్ల సంఘం, హమాలీ సంఘం, కాలనీ జనం గూడ కూసోవాలె.

నాలుగు, హమాలీలకు మాథాడి అసొంటి చట్టం. తెలంగాణ వచ్చి పదేండ్లు దాటింది. ఇంకా ఎన్ని రోజులు?

ఐదు, ఖర్చు లెక్క కట్టేటప్పుడు ఒక్క శాతం చెప్పి ఊకోవద్దు. చిన్న కంపెనీకి ఎంత, డ్రైవర్‌కు గంటకు ఎంత మిగిలింది, బండి ఎన్ని గంటలు ఉత్తగ ఆగింది అనేది గూడ యేటా బయటవెట్టాలె. 2023ల కేంద్రం ఇచ్చిన లాజిస్టిక్స్ ర్యాంకులల సముద్రం లేని రాష్ట్రాల్లల తెలంగాణ పై వరుసల నిలిచింది. ర్యాంకు వచ్చిన సంతోషమే. ఆ ర్యాంకు తెచ్చిన డ్రైవర్ ఆ రాత్రి యాడ పండుకున్నడో గూడ అడిగే ర్యాంకు ఒకటి కావాలె.

ఇప్పుడు డ్రై పోర్టు అంటున్నరు, బందర్ దాక కొత్త రోడ్డు అంటున్నరు, రీజినల్ రింగ్ రోడ్డు అంటున్నరు. రానియ్యున్రి, మంచిదే. సముద్రం లేని రాష్ట్రానికి పోర్టు దాక తొవ్వ కావాల్సిందే. కాకపోతె ఉప్పల్ పిల్లర్ల కింద దుమ్ము మింగినోళ్లుగ మనకు ఒక తెలివి వచ్చింది. శంకుస్థాపన రాయి మీద పేర్లు ఉంటయ్, తారీఖు ఉంటది, పని ఎప్పుడైతదో ఉండదు. ఇగ మీద మన ఎమ్మెల్యే, ఎంపీ, కార్పొరేటర్ ఎవరు సరుకు రవాణా మీద మాట్లాడినా ముందు మూడు ముచ్చట్లు అడుగుదాం: బండి యాడ ఆగాలె, డ్రైవర్ ఎప్పుడు పండుకోవాలె, చిన్నోని సరుకు రైలు ఎప్పుడెక్కాలె. వీటికి జవాబు చెప్పినోని పాలసీనే మనకు పనికొచ్చే పాలసీ.